ఆకాశ పథికులు - అభయ ధర్మము

సింహాచల క్షేత్రమునకు ఈశాన్యమున భీమునిపట్టణము వరకును, నైరృతి దిశను అనకాపల్లి, యలమంచిలి సీమల వరకును గల పల్లెలలో ఏటేట కానవచ్చు దృశ్యమొకటి కలదు. ప్రొద్దు జామెక్కి నేల వేడెక్కగనే పెద్ద పెద్ద పక్షులు చెరువుల నుండి లేచి, రెక్క ఆడింపక, గిరగిర తిరుగుచు పైకి పోవును. చాల ఎత్తునకు చేరిన పిదప తోరణము కట్టినట్లు వరుసదీరి దూరమునకు సాగిపోవును. మడిలో వంగిన ఆడువారు నడుము నిలిపి, నొసట చేయి అడ్డము పెట్టుకొని చూతురు. పిల్లలు గోళ్ళను ఒకదానితో నొకటి రుద్దుచు, వానిపై తెల్లని మచ్చలు పెట్టి పొమ్మని కొంగలను వేడుకొందురు. తెలుగునాట ఈ ఆట ఆడని బాల్యము ఉండదు.

పక్షులు అట్లు తిరుగుచు లేచుట వినోదము కొరకు కాదు. ఎండకు కాగిన నేల నుండి వెచ్చని గాలి పైకి లేచును. బరువైన దేహము గల పక్షి ఆ గాలిని మెట్లుగా చేసికొని శ్రమలేక ఎక్కును. పిదప జారుచు ముందునకు పోవును. సముద్రముపై అట్టి గాలి లేచుట అరుదు. కావున ఇట్టి పక్షులు నేలను విడిచి కడలిపైకి సాధారణముగ పోవు. ఒక వంక కొండలు, వేరొక వంక సముద్రము గల ఈ సీమలో వాని పయనము మన పొలముల మీదుగనే సాగుటలో వింత లేదు.

లోకమున వీటికన్నిటికిని కొంగ యనియే పేరు. సంస్కృతమున మాత్రము బకము వేరు, బలాక వేరు, సారసము వేరు, క్రౌంచము వేరు. బకము మెడ మడచుకొని ఎగురును. క్రౌంచ సారసములు మెడను బారుగ చాచి ఎగురును. వాని కంఠధ్వని క్రోసు దూరము వినబడును. క్రౌంచ శబ్దమే ఆ కూతకు అనుకరణమని చెప్పుదురు. ఈ రెండు జాతులును చెట్లపై వ్రాలవు. కొమ్మను పట్టుకొనదగిన వెనుక వ్రేలు వానికి చాల పొట్టిది. నేలపైననే, నీటి మడుగుల నడుమ, గూడు కట్టుకొనును. కావున ఊరి చింతచెట్టుపై గూడు కట్టిన పక్షి ఏదైనను అది క్రౌంచము కాదని నిశ్చయింపవచ్చును. ఉత్తరాంధ్రమున ఎక్కువగ కానవచ్చునవి నత్తగుల్ల కొంగలు, గూడబాతులు, పసుపు ముక్కును తోకవద్ద గులాబివన్నె ఈకలును గల పెద్ద కొంగలు. ఈ కొంగలకు కూత లేదనియే చెప్పవలెను. ముక్కులను టకటకలాడించుటయే వాని భాష. విశాఖపట్టణపు ఓడరేవున బరువులెత్తు ఎత్తైన యంత్రమును క్రేను అందుము కదా. అదియు ఆంగ్లమున ఒక కొంగ పేరే. ప్రాచీన గ్రీకులును పక్షికి, యంత్రమునకు ఒకే పేరు పెట్టిరి. చాచిన మెడను చూచి పేరు పెట్టిన వారి కన్ను మంచిదే.

ఇక అసలు విషయము. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. గూడబాతులును, పెద్ద కొంగలును ఏటేట శరత్కాలమున వచ్చి అచ్చటి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురుటకు ముందు వెడలిపోవును. ఇచ్ఛాపురము దాపున గల తేలుకుంచి గ్రామమునకు నత్తగుల్ల కొంగలు తొలకరితో వచ్చును. ఈ పక్షులు వచ్చిన ఏడు వానలు, పంటలు బాగుగ నుండునని ఊరివారి నమ్మకము. వానిని కొట్టరు, కొట్టనీయరు. అవి వేల క్రోసుల దూరమున నున్న సైబీరియా నుండి మన ఊరిని వెదకికొని వచ్చునని పత్రికలు వ్రాయుట, జనులు గర్వముగ చెప్పుకొనుట పరిపాటి అయినది.

అయితే పక్షిశాస్త్రము నెరిగినవారు ఈ రెండు మాటలను అంగీకరింపరు. నత్తగుల్ల కొంగయు, గూడబాతును సైబీరియాను ఎన్నడును చూచినవి కావు. భరతఖండము, సింహళము, బర్మా మొదలగు దేశములలోనే అవి పుట్టి పెరుగును. నీరున్న చోటికి, మేత యున్న చోటికి తిరుగుచుండును. థాయిలాండున కాలికి ఉంగరము తొడిగి విడిచిన నత్తగుల్ల కొంగ ఒకటి బంగ్లాదేశమున దొరికినది. ఆ జాతి దూరప్రయాణము అంతటిది. అదియును గాక, శీతలదేశములనుండి నిజముగ వచ్చు పక్షులు ఇచ్చట చలికాలము గడపి పోవునే కాని గ్రుడ్లు పెట్టవు. గ్రుడ్లు పెట్టుచున్నదనగా ఇదియే దాని పుట్టినేల. ఇక వానల మాట. ఆ పక్షి రెండు దవడల నడుమ సందు కలదు. ఆ ముక్కుతో నత్తలను పట్టి, గుల్లనుండి మాంసమును లాగి తినును. వానలు కురిసి మళ్ళు నిండిన గాని నత్తలు దొరకవు. కావున వానలే పక్షిని తెచ్చుచున్నవి, పక్షి వానలను తెచ్చుట లేదు.

ఇచ్చట ధర్మజిజ్ఞాస యొకటి పుట్టుచున్నది. దూరదేశపు అతిథియని ఆదరించితిమి. అతిథి కాదని తేలినది. వాన తెచ్చునని కాపాడితిమి. తెచ్చుట లేదని తేలినది. ఆధారము తొలగిన పిదప ఆదరము నిలువవలెనా? చదువుకొన్న యువకులు ఈ ప్రశ్న నడుగుట తప్పు కాదు. మూఢనమ్మకమని ఒక్క మాటతో త్రోసివేయుటయు, పెద్దలు చెప్పినారు కాన ప్రశ్నింపరాదని నోరు మూయించుటయు రెండును తగని పనులే. ప్రయోజనమును చూపి చేయించిన పుణ్యకార్యము, ఆ ప్రయోజనము అసత్యమని తెలిసిననాడు ఏమగును?

ఈ ప్రశ్నకు సమాధానము శ్రీమద్రామాయణ యుద్ధకాండమున వెదకవలెను. విభీషణుడు నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచి శరణు వేడినప్పుడు శ్రీరాముని సన్నిధిని జరిగిన చర్చ యంతయు ఈ విషయమును గురించియే. వచ్చినవాడు ఎచ్చటివాడు, ఎందుకు వచ్చినాడు, వానివలన లాభమా నష్టమా యని వానర ప్రముఖులు తర్కించిరి. సుగ్రీవుడు వధింపవలెననెను. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారులను పంపవలెననెను. జాంబవంతుడు దేశకాలములు సందేహకరములుగ నున్నవనెను. మైందుడు మెల్లగ ప్రశ్నించి మనసు తెలిసికొనవలెననెను. హనుమంతుడొక్కడు మాత్రమే విభీషణునియందు దోషము తోచుటలేదని పలికెను. చిత్రమేమనగా, రాముడు హనుమంతుని మాటకు సంతసించినను, దాని మీద ఆధారపడలేదు. వచ్చినవానియందు దోషమున్నను ఉండనిమ్ము, విడువనని ఆయన పక్షము. హనుమంతుడు గుణమును చూచి స్వీకరింపుమనెను. రాముడు గుణదోష విచారమునకే చోటు లేదనెను. ఈ సూక్ష్మ భేదమును మన ఆచార్యులు ఎంతయో ఆదరముతో వివరించిరి. వేదాంతదేశికులు అభయప్రదానసారమను గ్రంథమును ఈ ఘట్టము నాశ్రయించియే రచించిరి.

మరి రాముడు తన పక్షమునకు చూపిన దృష్టాంతమేది? రాజర్షులలో నొకని కథ కాదు, పావురము కథ. తన భార్యను పట్టిన వేటగాడు తానున్న చెట్టు క్రిందికి చేరగా ఒక కపోతము వానికి యథావిధిగ అతిథిసత్కారము చేసి, తుదకు తన మాంసమునే ఆహారముగ నిచ్చినది. భారతమున శాంతిపర్వమునందు ఈ కథ విస్తారముగ నున్నది. తిర్యగ్జంతువైన పక్షియే శరణాగతుని అట్లు ఆదరించెననగా, తనవంటివాడు వేరు చేయుట ఎట్లని రాముని భావము. అభయధర్మమునకు సాక్షాత్తు భగవంతుడు ప్రమాణముగ చూపినది ఒక చెట్టుమీది గూడు. అట్టి గూడు కట్టిన జాతి నేడు మన చింతచెట్టుపై వ్రాలినప్పుడు, నీవు సైబీరియా నుండి వచ్చితివా, వాన తెచ్చితివా యని అడుగుట సుగ్రీవ జాంబవంతుల పక్షము. అది నీతిశాస్త్రమునకు తగినదే కావచ్చును. శరణాగతి శాస్త్రమునకు మాత్రము తగదు.

పక్షి నోరు తెరచి శరణనలేదు కదా యని ఆక్షేపింపవచ్చును. శరణు వాక్కుతో చెప్పవలెనను నియమము లేదు. మనుజుల సందడి నడుమ, పులుసుకు చింతకాయ కోయు చెట్టుపైన, చేతికర్రకు అందునంత దూరమున గ్రుడ్లు పెట్టుటకు మించిన విశ్వాసప్రకటన ఏముండును? అడవి చెట్లు లేకపోలేదు. ఊరి నడిబొడ్డున గూడు కట్టుకొన్న పక్షి, ఆ ఊరివారి చేతిలో తన సంతానమును పెట్టినట్లే.

కర్ణాటకమున మండ్య జిల్లాలో కొక్కరెబెళ్ళూరను గ్రామము కలదు. కన్నడమున కొక్కరె యనగా కొంగ. అచ్చటి వారు ఈ పక్షులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలని భావింతురు. సైబీరియా కథ కంటె ఇది ఎంత సత్యమునకు దగ్గరగ నున్నదో చూడుడు. పక్షి వచ్చునది పురుటికే, వచ్చునది పుట్టింటికే. శాస్త్రజ్ఞులు ఉంగరములు తొడిగి తెలిసికొన్న విషయమును గ్రామమునందలి అవ్వలు చూచి చెప్పగలిగిరి. పుట్టింటికి వచ్చిన బిడ్డ లాభము తెచ్చినదా యని ఏ తల్లియు లెక్క వేయదు.

అయితే ఈ ఆదరము ఉచితముగ లభించునది కాదు. ఆ మాట దాచి ధర్మము చెప్పుట తగదు. గూళ్ళున్న చెట్టు క్రింద నిలుచుట కష్టము. రెట్ట కురియును. పిల్లలకు తెచ్చిన చేపలు జారిపడి క్రుళ్ళును. దుర్గంధము నెలల తరబడి వీడదు. రెట్ట పడిపడి ఆకు మాడును, కాపు పోవును. కొక్కరెబెళ్ళూరున చింతపండు నష్టమునకు అటవీశాఖవారు చెట్టు యజమానులకు కొంత పరిహార మిచ్చుచున్నారు. రెట్ట కలిసిన మట్టి పొలమునకు మంచి ఎరువగుననుటయు నిజమే. కాని ఆ పరిహారమును, ఆ ఎరువును చూచి ఎవ్వరును ఈ కంపును తరతరములుగ భరింపలేదు. దూరమునుండి చూచి ఆనందించువారికి పక్షి అందము. ఇంటి ముంగిట భరించువారికి అది వ్రతము. యాత్రికులు ఇట్టి ఊళ్ళకు పోయినపుడు ఈ భేదమును మరువరాదు.

ఇక వేటగాని సంగతి. వాల్మీకి మహర్షి తమసాతీరమున క్రౌంచ మిథునమును చూచుచుండగా బోయ యొకడు మగపక్షిని కొట్టెను. ఆ క్రౌంచము సారసమేయని పలువురు పండితుల అభిప్రాయము. జత వీడని పక్షి యగుటచే అది యుక్తముగనే యున్నది. ఆడుపక్షి ఏడ్పును విని ఋషి నోట వెలువడిన వాక్కు ఛందోబద్ధమై ఆదికావ్యమునకు బీజమైనది. ఈ కథ నెరుగనివారు లేరు. ఎక్కువమంది గమనింపనిది ఒకటి కలదు. శపించిన మరుక్షణమే మహర్షి తాను పలికిన దేమని కలత చెందెను. ఆశ్రమమునకు పోయినను ఆ చింత విడువలేదు. వేట బోయకు జీవనము. తప్పు వేటయందు కాక, జతగూడిన వేళ కొట్టుటయందు కలదని పెద్దలు చెప్పుదురు. గోవిందరాజులు తన భూషణ వ్యాఖ్యయందు ఆ శాపవాక్యమునే శ్రీనివాసునికి మంగళాశాసనముగ అన్వయించిరి. చమత్కారము కొరకే అట్లు చేసిరనుకొనరాదు. కరుణనుండి పుట్టిన కావ్యము ఒక దరిద్రుని శాపముతో ఆరంభమగుట వారికి రుచింపలేదేమో.

శపించుటకంటె మంచి మార్గము కలదని మన కాలముననే ఒక సీమ నిరూపించినది. అముర్ డేగయను చిన్న పక్షి సైబీరియా తూర్పు భాగమునుండి, ఉత్తర చీనానుండి బయలుదేరి ఆఫ్రికా దక్షిణ భాగమునకు ఏటేట పోవును. దారిలో నాగాలాండునందలి దోయాంగ్ జలాశయమువద్ద లక్షలుగ దిగును. 2012 సంవత్సరమున అచ్చటి వారు వలలు పన్ని లక్షకు పైబడిన డేగలను పట్టి చంపిరని అంచనా. సంగతి లోకమునకు తెలిసినది. సంఘములును, మత పెద్దలును, ప్రభుత్వమును ఆ పల్లెలతో మాటలాడిరి. మరుసటి ఏడు, అనగా 2013లో, ఆ గ్రామములవారు వేట మానివేసిరి. వల పన్నిన చేతులే కావలి కాయసాగెను. ఆ యేడే కొన్ని డేగలకు ఉపగ్రహమునకు సంకేతములు పంపు చిన్న పరికరములు కట్టి విడువగా, అవి బంగాళాఖాతము మీదుగ వచ్చి ఆంధ్రదేశమును దాటి, అరేబియా సముద్రమును కూడ నిలువక దాటిపోయినవి. సైబీరియా నుండి వచ్చునవని మనము చూపుచున్న కొంగలు మనవే. నిజముగ ఆ దిక్కునుండి వచ్చునవి మన తలలపైనుండి, మనకు తెలియకుండగనే పోవుచున్నవి. ఏ ఊరును వానిని తన అతిథులని చెప్పుకొనదు.

నిజమైన సైబీరియా కొంగ కథ మాత్రము విషాదాంతము. పాలవంటి తెలుపు, ఎఱ్ఱని మొగము గల ఆ క్రౌంచజాతి పక్షి రాజస్థానమున భరత్‌పూర్ సరస్సునకు ఏటేట వచ్చెడిది. దారి పొడవున వేటయు, నీటిపట్టులు ఎండుటయు కారణములుగ ఏటికేడు సంఖ్య తగ్గి, చివరి జంట 2002లో కనబడి పోయినది. ఆ తరువాత భరత్‌పూరునకు రాలేదు. అచ్చట ఎవరును దానిని కొట్టలేదు. సరస్సును ఎంతయో శ్రద్ధతో కాపాడిరి. కాని దాని త్రోవ అనేక దేశముల మీదుగ సాగును. మజిలీలలో ఎచ్చట అభయము లేకపోయినను, గమ్యమున నున్న అభయము వ్యర్థమే యగును. దాని దాయాదియైన చిన్న క్రౌంచము అదృష్టవంతురాలు. అది శరత్కాలమున హిమాలయములను గండకీనది లోయగుండ దాటి రాజస్థానమును చేరును. మనము పూజించు సాలగ్రామములు లభించునది ఆ నదియందే. క్రౌంచపర్వతమున రంధ్రము కలదనియు, పక్షులు దాని గుండ వచ్చుననియు మన కవులు వర్ణించినది కేవల కల్పనయని నవ్వువారు ఆ లోయను ఒకసారి తలచుకొనవలెను.

ప్రహ్లాదుని సముద్రమున పడద్రోసినప్పుడు అప్పన్న స్వామి కొండపై దిగి కాపాడెనని సింహాచల స్థలపురాణము చెప్పును. ఆ కొండ క్రింది నేల నేడెట్లున్నదో చూచినచో అభయమను పదమునకు అర్థము ఎంత విస్తరింపవలెనో తెలియును. 1933లో విశాఖపట్టణపు రేవును తెరచుటకు ముందు, ఇప్పుడు ఓడలు నిలుచు లోపలి హార్బరు స్థలమంతయు మేఘాద్రిగెడ్డ సముద్రమున కలియుచోట నున్న ఉప్పునీటి చిత్తడినేల. దానిని త్రవ్వి రేవు చేసిరి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. అనేక గ్రామములు దాని కొరకు లేచిపోయినవి. వేలమందికి అన్నము పెట్టిన రేవును, కర్మాగారమును నిందించుట ఎవరికిని తగదు. కాని చిత్తడినేల పోయినచోట మేసెడి పక్షి ఎచ్చటికి పోవలెనని ఆనాడు ఎవరును అడిగినట్లు లేదు. మిగిలినవి మేఘాద్రిగెడ్డ జలాశయము, అచ్యుతాపురము సమీపమున గల కొండకర్ల ఆవ, ఊరూర మిగిలిన చెరువులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షిని చంపరాదని చెప్పును. ఆ పక్షి తినవలసిన చేప ఏ నీటిలో పెరుగుచున్నదో చూచుకొనుట చట్టముకంటె ఎక్కువగ ఊరి పని.

ఇది ఊహకాదు. 2021 చివరనుండి 2022 జనవరి వరకు తేలినీలాపురమున నూరుకు పైబడి గూడబాతులు చెట్లనుండి రాలి చనిపోయినవి. ఎవరును రాయి విసరలేదు, తుపాకి పేల్చలేదు. పరీక్షింపగా వాని కడుపులలో పురుగులు కనబడినవి. చేపలద్వారా సంక్రమించినవని పశువైద్యులు తేల్చిరి. ఊరివారు చెట్టునిచ్చిరి, నీడనిచ్చిరి, కావలినిచ్చిరి. గూడబాతు మేయు చెరువులు ఊరి ఎల్లలోనే ఉండవు; చాల దూరము పోయి చేపలు తెచ్చి పిల్లలకు పెట్టును. విభీషణునికి రాముడు అభయమిచ్చి ఊరుకొనలేదు, ఆ సముద్రతీరముననే లంకారాజ్యమునకు అభిషేకము చేయించెను. శరణన్నవాని జీవనము సమస్తమును తనదిగ తీసికొనెను. చెట్టు ఒక ఊరిది, చెరువు వేరొక ఊరిది అయినప్పుడు ఆ భారము ఎవరిదని తేల్చుకొనుట ఇంకను మిగిలియే యున్నది.

మరుసటి శరత్తున గూడబాతులు మరల ఆ చెట్లకే వచ్చినవి.